ఆషాఢంలో గ్యాస్ ప్లాను

మొన్న గ్యాస్ కంపెనీకి ఫోన్ చేశాను. ప్లాను గడువు ముగుస్తోందని, ఇక మీదట పాత ధర ఉండదని వాళ్ళే మెయిల్ పంపారు. మీ కాల్ మాకెంతో ముఖ్యమని రికార్డు చేసిన గొంతు ఒకటి చెప్పి, ఆ తరవాత పియానో అందుకుంది. ఫోన్ వంటింటి బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాను. బీన్స్ సంచీ దగ్గరకి లాక్కుని ఈనెలు తీయడం మొదలుపెట్టాను. నాలుగు కాయలు తీశాక గుర్తొచ్చింది, ఇది నా అలవాటు కాదు. ఆవిడది. ఆవిడ పోయాక ఇదే మొదటి చలికాలం.

మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మా వీధిలో ఉన్న తెలుగు ఇళ్ళన్నిటికీ ఆవిడ పిన్నిగారు. పిల్లలకీ, ఉద్యోగాల్లో కొత్తగా కుదురుకుంటున్నవాళ్ళకీ ఆంటీ. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు కనుక ఇక్కడా పేరు రాయను. తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా పనిచేసి, రిటైరయ్యాక కూతురి దగ్గరకి వచ్చేశారు. ఎక్స్ఛేంజ్ ఆవిణ్ణి వదల్లేదు. మీరు ఎదురుగా కూర్చుని మాట్లాడినా ఎడమ చెవి మీది జుట్టు వెనక్కి తోసుకుని, తల కొంచెం పక్కకి వంచి, ఆ చెవితోనే వినేవారు. ముఖం చూసి మాట్లాడేవాళ్ళంటే ఆవిడకి పెద్ద నమ్మకం లేదు. ముఖం ఎలాగైనా పెట్టొచ్చు, గొంతు అలా కాదు అనేవారు. నేను ఆవేశంగా ఏదైనా చెబుతుంటే మధ్యలో ఆపి, "ఇప్పుడు నువ్వు చదువుతున్నావా, మాట్లాడుతున్నావా?" అని అడిగేవారు. ఎక్కడో రాసిన నా వాక్యాన్ని నేనే అప్పజెబుతున్నానని ఆ పాటికి నాకూ తెలిసేది.

ఆవిడ ఫోన్ పట్టుకుంటే ఇల్లంతా గప్‌చుప్. చూపుడువేలు ఒక్కటి పైకి లేచేది. ఆ వేలు లేస్తే కుక్కర్ కూడా కూతెయ్యకూడదన్నట్టు ఉండేది. కాల్ అయిపోయినా ఎర్ర బటన్ నొక్కేవారు కాదు. అవతలి మనిషి పెట్టేసేదాకా ఆగి, టక్‌మన్న చప్పుడు విన్నాక "పెట్టేశాడు" అని మాకు ప్రకటించేవారు. ఆపరేటరు ముందు లైను కట్ చెయ్యకూడదట. మొబైల్ ఫోన్‌కి ఆ నియమం ఏమిటండీ అంటే, మొబైల్‌కి కాదు, నాకు అన్నారు.

మా వీధివాళ్ళ గ్యాస్ కాల్స్ ఆవిడ చేతికి ఎలా వచ్చాయో చెప్పాలంటే ముందు ఆ గ్యాస్ సంగతి చెప్పాలి.

మెల్‌బోర్న్‌లో ఒక వీధికి వచ్చే గ్యాస్ ఒకటే. నేల కింద పైపు ఒకటే, గోడ పక్కన మీటరు ఒకటే, మంట ఒకటే. మారేదల్లా బిల్లు పంపే కంపెనీ. అలాంటివి చాలా ఉన్నాయి. ఒకడు రోజుకింతని కనెక్షన్ రుసుము తగ్గించి వాడకం ధర పెంచుతాడు, ఇంకొకడు దాన్ని తిరగేస్తాడు. చేరినవాడికి ఏడాదిపాటు తగ్గింపు ఇచ్చి, ఆ తరవాత చడీచప్పుడు లేకుండా ధర పెంచేస్తారు. విశ్వాసంగా పాత కంపెనీనే అంటిపెట్టుకున్నవాడికి అన్నిటికన్నా ఎక్కువ పడుతుంది. భక్తుడి దగ్గరే ఎక్కువ తీసుకోవడం ఈ వ్యాపారం కొత్తగా కనిపెట్టిందేమీ కాదని ఇక్కడి తెలుగువాళ్ళ సభలో నేనొక ఆదివారం అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో ఒక్కరు కూడా ఇంటికెళ్ళి ప్లాను మార్చుకోలేదు. కంపెనీ మారిస్తే మధ్యలో గ్యాస్ ఆగిపోతుందని ఒకరికి అనుమానం. పెద్ద కంపెనీ మంట బాగా నీలంగా ఉంటుందని, చిన్న కంపెనీ మంటకి పప్పు సరిగా ఉడకదని ఇంకొకరికి నమ్మకం. ఆయన ఇంజినీరు.

పిన్నిగారు చప్పట్లు కొట్టలేదు. సభ అయ్యాక దగ్గరకి వచ్చి, "ఫోన్ నంబరు ఇచ్చావు కాదేం?" అన్నారు.

అదీ మొదలు. ఆ వారం నుంచి ఎవరి గడువు ముగిసినా ఆవిడ ఆ ఇంటికి వెళ్ళేవారు. ఎవరి పేరున ఖాతా ఉందో వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకునేవారు. వాళ్ళు పుట్టిన తేదీ చెప్పి, ఆంటీ మాట్లాడతారని అనుమతి ఇచ్చాక, బీన్సో గోంగూరో ముందు పెట్టుకుని లైన్లో ఉండేవారు. హోల్డ్‌లో కూర్చోవడం మనకి విసుగు, ఆవిడకి వృత్తి. ఆవిడ ఇంగ్లిష్ కొంచెమే, ఆ కొంచెమూ గట్టిది. కంపెనీవాడు ఒక ధర చెబుతాడు. పిన్నిగారు ఊరుకుంటారు. ఆ నిశ్శబ్దం భరించలేక వాడు ఇంకొంచెం తగ్గిస్తాడు. అప్పుడు, "ఈజ్ దట్ యువర్ బెస్ట్, డియర్?" అంటారు. మా సూపర్‌వైజర్‌ని అడగాలి అంటాడు వాడు. "ఐ విల్ హోల్డ్." ఇంక వాడికి దిక్కులేదు.

అయితే ఆవిడకి లోపాలు లేవని నేను రాయబోవడం లేదు. హోల్డ్‌లో వినిపించే సంగీతం ఎంత బాగుంటే ఆ కంపెనీ అంత ముంచుతుందని ఆవిడ సిద్ధాంతం. దీనికి రుజువేమిటని నేను నిలదీశాను. ఎన్నిసార్లు నిజమైంది, ఎన్నిసార్లు కాలేదు, లెక్క ఉందా అన్నాను. లెక్క నువ్వు రాసుకో, నేను ఫోన్ చెయ్యాలి అన్నారు. ఒకసారి మంచి వయొలిన్ వినిపించిందని, అన్నిటికన్నా తక్కువ ధర ఇస్తున్న కంపెనీని కాదని లేచి వచ్చేశారు. మూఢనమ్మకాల మీద నేను ఎన్ని వ్యాసాలు రాసినా వయొలిన్ విషయంలో ఆవిణ్ణి కదిలించలేకపోయాను.

ఆవిడని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది మాత్రం సౌమ్య వాళ్ళింట్లో గడిచిన ఒక పూట.

సౌమ్య, కిరణ్ మా పక్కింటివాళ్ళు. అతను గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేస్తాడు. ఐదారేళ్ళ కిందట చలికాలం మొదట్లో వాళ్ళకి పాప పుట్టింది, నెలలు పూర్తిగా నిండకుండానే. సౌమ్య తల్లికి వీసా రాకపోతే కిరణ్ వాళ్ళమ్మ కావలి నుంచి వచ్చింది. పాపని ఒళ్ళోంచి దింపని మనిషి. రాత్రిళ్ళు కూడా కూర్చునే కునికేది, పాపని గుండెల మీద శాలువాలో పెట్టుకుని.

సరిగ్గా అప్పుడే వాళ్ళ గ్యాస్ ప్లాను గడువు ముగిసింది. తరవాత వచ్చిన బిల్లు చూసి కిరణ్ బెదిరిపోయి, ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ హీటరు కట్టేశాడు. పడగ్గదిలో ఒక చిన్న కరెంటు హీటరు పెట్టాడు. అది తన ముందున్న మూడడుగుల మేర తప్ప ఇంకేమీ వెచ్చబెట్టేది కాదు. పాపకి స్నానం మానేసి తడిగుడ్డతో తుడుస్తున్నారు. పాప బరువు పెరగాల్సినంత పెరగడం లేదు. ఇంటికొచ్చిన నర్సు గదిలో థర్మామీటరు చూసి, పిల్లకి ఈ చలి పనికిరాదని చెప్పి వెళ్ళింది.

మరి ప్లాను మార్చడానికేం అంటే, ఆషాఢం.

శ్రావణం వచ్చేదాకా కొత్త ఒప్పందాలేవీ వద్దంది కిరణ్ వాళ్ళమ్మ. వెనకటికి ఆషాఢంలో ఒక దుకాణం అద్దెకి తీసుకుని కాగితాల మీద సంతకాలు పెట్టారట. ఆ ఏడే ఆమె భర్త మంచం పట్టాడు. కిరణ్‌కి వీటిమీద నమ్మకం లేదు. కానీ పసిపిల్లని రాత్రంతా మోస్తున్న తల్లితో ఏం గొడవపడతానంటాడు. ఆస్ట్రేలియా కంపెనీతో గ్యాస్ ధర మాట్లాడుకోవడానికి తిథి చూసే జాతి భూమ్మీద మనం తప్ప ఇంకొకరు ఉండరు.

ఈ సంగతి సౌమ్య నాకు చెప్పింది. నేను ఊరుకుంటానా? ఆ సాయంత్రమే వెళ్ళి కూర్చున్నాను. గ్యాస్ అంటే ఏమిటో, పైపు ఎవరిదో, కంపెనీ పని ఏమిటో అన్నీ వివరించాను. ఆఖరికి నా దగ్గరున్న అన్నిటికన్నా పదునైన వాదన తీశాను. అమ్మా, ఆషాఢం అక్కడ తొలకరి, ఇక్కడ గడ్డకట్టే చలి, మీ పంచాంగం భూమధ్యరేఖ దాటి రాలేదమ్మా అన్నాను.

ఆమె పాప తల సవరిస్తూ నెమ్మదిగా అంది: "మనం దాటొచ్చాంగా నాయనా. అదీ మనతోనే వచ్చింది."

దానికీ నా దగ్గర జవాబు ఉంది, చెప్పాను కూడా. ఇంకో అరగంట చెప్పాను. నేను లేచేసరికి ఆమె పాపని మరింత గట్టిగా పొదువుకుని ఉంది. ఆ ముఖం చూస్తే శ్రావణం దాకా కాదు, కార్తీకం దాకా కూడా కదిలేట్టు లేదు.

మర్నాడు మధ్యాహ్నం పిన్నిగారు బీన్స్ సంచీతో సౌమ్య వాళ్ళింటికి వెళుతూ నన్నూ పిలిచారు. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రమ్మన్నారు.

లోపలికి వెళ్ళగానే ఆవిడ గ్యాస్ ఊసెత్తలేదు. కిరణ్ వాళ్ళమ్మ పక్కన కూర్చుని పాప పాదం చేతిలోకి తీసుకున్నారు. రెండు జతల మేజోళ్ళు ఉన్నా ఆ పాదం చల్లగానే ఉంది. కాసేపు ఇద్దరూ పసిపిల్లల కడుపునొప్పుల గురించీ వాము నీళ్ళ గురించీ మాట్లాడుకున్నారు. సౌమ్య గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఉన్నట్టుండి ఆ అమ్మాయే అంది: "నర్స్ మళ్ళీ మండే వస్తుంది ఆంటీ. రూమ్ ఇలాగే ఉంటే రిపోర్ట్ చెయ్యాలి అంది. ఏం చెప్పమంటారు నన్ను, ఆషాఢం అని చెప్పనా?" కిరణ్ తల దించుకున్నాడు.

పిన్నిగారు అత్తగారి వైపు తిరిగి, కొత్త కంపెనీ వద్దులెండి అన్నారు. పాతవాడితోనే మాట్లాడదాం. ఖాతా పాతదే, నంబరూ అదే. కాగితం లేదు, సంతకం లేదు. "ఇన్నాళ్ళూ మనదగ్గర తిన్నవాడే. తగ్గిస్తావా లేదా అని అడగడానికి కూడా నెల చూడాలంటారా వదినా?"

కిరణ్ వాళ్ళమ్మ ఆలోచించింది. "అడగడానికేముంది," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆషాఢాన్ని ఖండించాల్సింది పోయి దాని పక్కనుంచి దారి వెతుకుతున్నారేమిటి ఈవిడ! నేను నోరు తెరిచాను. వేలు లేచింది. మూసుకున్నాను.

పిన్నిగారు నంబరు కలిపారు. పియానో, గిటారు, బీన్స్ ఈనెలు. చాలాసేపటికి ఒక కుర్ర గొంతు పలికింది. కిరణ్ పుట్టిన తేదీ చెప్పి అనుమతి ఇచ్చాడు. ఇప్పుడున్నదానికన్నా తక్కువ ధర ప్లాను తమ దగ్గరే ఉందని అతను తొందరగానే ఒప్పుకున్నాడు. ఆ సంగతి బిల్లు మొదటి పేజీలో అచ్చేసి పంపారు కూడా. బిల్లు చివరి అంకె చూసి గుండె పట్టుకునేవాళ్ళం మనం, మొదటి పేజీ ఎవరు చదువుతారు? పిన్నిగారు యథాప్రకారం ఊరుకున్నారు. అతను ఇంకొంచెం తగ్గించాడు. "ఐ విల్ హోల్డ్" తరవాత ఇంకో సంగతి కూడా బయటపడింది. చలికాలపు బిల్లు ఒక్కసారిగా మీద పడకుండా ఏడాది పొడవునా సమానంగా సర్ది, పదిహేను రోజులకోసారి కట్టేలా పెట్టుకోవచ్చట. అది విని కిరణ్ మొదటిసారి తలెత్తాడు. అతన్ని భయపెట్టింది ధర కన్నా ఆ ఒక్కసారి మీద పడే బరువే.

అంతా అయిందనుకున్నాం. అప్పుడా కుర్రాడు షరతులన్నీ గడగడా చదివి, కిరణ్‌ని పేరు పెట్టి పిలిచి, "డు యూ అగ్రీ?" అన్నాడు.

కిరణ్ తల్లి వైపు చూశాడు. ఆమె సౌమ్యని అడిగింది, ఏమంటున్నాడని. సౌమ్య దాచలేదు. "ఒప్పుకుంటున్నావా అని అడుగుతున్నాడత్తయ్యా."

ఒప్పుకోవడమంటే ఒప్పందమే. సంతకం లేకపోయినా మాట మాటే కదా. ఆ సంగతి ఆ గదిలో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. నా నాలుక చివర ఒక్క వాక్యం సిద్ధంగా ఉంది. పిన్నిగారి వేలు ఇంకా గాల్లోనే ఉంది. ఫోన్‌లో ఆ కుర్రాడి కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది. పాప కదిలి ఒక కాలు శాలువా బయట పెట్టింది. కిరణ్ వాళ్ళమ్మ ఆ కాలిని గుప్పిట్లోకి తీసుకుని అలాగే ఉండిపోయింది.

"చెప్పరా," అంది. "అవతల మనిషి కాచుకుని ఉన్నాడు."

కిరణ్ యస్ అన్నాడు. పిన్నిగారు అవతలివాడు పెట్టేదాకా ఆగి, పెట్టేశాడు అన్నారు. కిరణ్ లేచి గోడ మీది బటన్ నొక్కాడు. ఇంటి వెనక హీటరు ఒకసారి గురగురలాడి అందుకుంది. సీలింగులో గాలి వచ్చే గూళ్ళలోంచి ముందు చల్లగాలి వచ్చింది, తరవాత వారాలుగా పట్టిన దుమ్ము వాసన, ఆ తరవాత వేడి. సౌమ్య ఆ గూటి కింద నిలబడి కళ్ళు మూసుకుంది. కాసేపటికి కిరణ్ వాళ్ళమ్మ పాప మేజోళ్ళు ఒక జత తీసేసింది. ఇంకాసేపటికి రెండోది. ఆ తరవాత నూనె వెచ్చబెట్టమని కోడలికి చెప్పింది, చాలా రోజుల తరవాత పాపకి నీళ్ళు పోయడానికి.

అప్పుడు, ఆ వేడిలో, బీన్స్ ముక్కలు చేస్తూ పిన్నిగారు మామూలుగా అన్నారు. "నేను ఎక్స్ఛేంజ్‌లో చేరింది ఆషాఢంలోనే వదినా. మా అమ్మ వారం రోజులు అన్నం మానేసింది. ఉద్యోగం పూర్తిగా చేసి పెన్షను తీసుకుంటున్నాను."

కిరణ్ వాళ్ళమ్మ పాప అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. విన్నది మాత్రం పూర్తిగా విన్నది.

తిరిగి వస్తూ ఫుట్‌పాత్ మీద నేను పిన్నిగారితో యుద్ధానికి దిగాను. మీరు మూఢనమ్మకంతో రాజీపడ్డారు, కొత్తది కాదు పాతదే అని ఆషాఢానికి మర్యాద చేశారు, ఆఖర్న చెప్పిన మాటేదో ముందే చెప్పి ఎదుర్కోవలసింది అన్నాను. ఆవిడ మా గేటు దాకా విని, ఎడమ చెవి మీది జుట్టు సర్దుకున్నారు.

"బెజవాడ లైను ఎంగేజ్ అయితే గుంటూరు మీంచి కలిపేదాన్నయ్యా. ఎంగేజ్ లైనుతో పోట్లాడితే కాల్ వెళ్ళదు. నిన్న నువ్వు చెప్పిందాంట్లో తప్పు ఒక్కటి లేదు. కానీ ఆవిడ చలిలో ఉంది, చేతిలో పసిబిడ్డ ఉంది. చలిలో ఉన్న మనిషి దేన్నైనా గట్టిగా పట్టుకుంటుంది. ముందు ఇల్లు వెచ్చబడనీ, ఆ తరవాత నీ వాదన వెయ్యి. నేను వెయ్యలేదూ?"

ఆవిడ మాట నేను పూర్తిగా ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. దారి మళ్ళించుకుంటూ పోతే ఆషాఢాలు ఎక్కడివక్కడే ఉంటాయి, ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి కాదనాలి. అది చెప్పి మరీ ఇంట్లోకి వచ్చాను. కానీ ఆ సాయంత్రం పక్కింటి స్నానాల గదిలోంచి నీళ్ళ చప్పుడూ, నీళ్ళు పోస్తే పసిపిల్ల పెట్టే ఏడుపూ వినిపించాయి. ఒంట్లో ఓపిక ఉన్న పిల్ల ఏడుపు అది. నేను పుస్తకం మూసి చాలాసేపు దాన్నే విన్నాను. సోమవారం నర్సు వచ్చి వెళ్ళాక సౌమ్య మా గేటు దగ్గర ఆగి బొటనవేలు పైకెత్తి చూపించింది.

ఆ పాప ధృతి ఇప్పుడు బడికి వెళ్తోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే. పిన్నిగారు ఈ మధ్య ఎండలు తగ్గుతున్న రోజుల్లో నిద్రలోనే పోయారు. మా వీధిలో గ్యాస్ ప్లాన్ల సంగతి ఇప్పుడు ఎవరిది వారు చూసుకోవలసిందే. నాకు వచ్చిన మెయిల్ కూడా చదివి రెండు వారాలు పక్కన పడేశాను, హీటరు కట్టేసి కూర్చున్నాను.

మొన్న పొద్దున కావలి నుంచి కిరణ్ వాళ్ళమ్మ ఫోన్ చేసింది. మా ఇంటి హీటరు చప్పుడు వినిపించడం లేదని ధృతి అంటే, కిరణ్ ఆ మాట ఆమెకి ఫోన్లో చెప్పాడట. ప్లాను గడువు అయిపోయిందా నాయనా, ఆవిడ ఉంటే ఈపాటికి మీ ఇంట్లో కూర్చుని ఉండేది, ఇప్పుడు ఎవరు గుర్తుచేస్తారని చేశాను, ఇవాళే వాళ్ళతో మాట్లాడు, వాళ్ళు తగ్గించకపోతే కంపెనీ మార్చెయ్యి అంది.

నాకు నవ్వొచ్చింది. ఆషాఢం కదమ్మా అన్నాను.

"చలికేం తెలుసయ్యా ఆషాఢమని," అంది. ముందు ఆమే పెట్టేసింది. ఆ టక్‌మన్న చప్పుడు వినేదాకా నేను ఆగాను. అప్పుడు బీన్స్ సంచీ బల్ల మీదే ఉంది. కంపెనీ నంబరు నొక్కాను.